కొమ్మకు వేరు పట్టించడం ఎలా: ఆక్సిన్ మోతాదు, నీటి ఆమ్లత సరిచూసుకునే పద్ధతి

మల్లె, గులాబీ, దానిమ్మ కొమ్మలు నాటినప్పుడు వేరు పట్టకపోతే చాలామంది చేసే మొదటి పని వేర్ల మందు ఇంకాస్త ఎక్కువ అద్దడం. రెండోసారీ పట్టకపోతే ఆ మందునే నీళ్లలో కలిపి కుండీలో పోస్తారు. ఇది పూర్తిగా తిరగబడిన పద్ధతి. ఆ మందులో ఉండే ఆక్సిన్ అనే హార్మోను కొమ్మ అడుగున వేరును పుట్టిస్తుంది. పుట్టిన వేరు పొడవు పెరగకుండా ఆపేదీ ఆ హార్మోనే. ఎంత ఇవ్వాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆపాలన్నదీ అంతే ముఖ్యం. దీనికి తోడు మనం పోసే నీటి ఆమ్లత ఉంది. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో వాడేది బోరు నీరు. అది సాధారణంగా క్షారం వైపు ఉంటుంది. మందు సరిగ్గా వాడినా ఈ నీటి వల్ల పని చెడే అవకాశం ఎక్కువ.

కింది పద్ధతిని మల్లెను దృష్టిలో పెట్టుకుని రాశాను. గులాబీ, మందారం, కాగితపు పూలు, దానిమ్మ వంటి వాటికీ ఇదే వర్తిస్తుంది. మోతాదులు మారే చోట విడిగా చెప్పాను.

కొమ్మ అడుగున ఏం జరుగుతుంది

ఆక్సిన్ ముఖ్యంగా చిగుళ్లలో, లేత ఆకుల్లో తయారవుతుంది. అక్కడి నుంచి కాండం గుండా గంటకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి దిగుతుంది. కొమ్మను కోసినప్పుడు ఆ దారి కోత దగ్గర తెగిపోతుంది కాబట్టి హార్మోను అక్కడే పోగవుతుంది. మొదటి కొద్ది రోజుల్లో కోత పైభాగంలో, నీటి నాళాల పక్కనున్న కొన్ని కణాలు తమ పాత పని మానేసి విభజన మొదలుపెడతాయి. అవే వేరు మొలకలు. ఈ దశలో ఆక్సిన్ ఎక్కువగా ఉండటం మేలు. మొలక బయటికి పొడుచుకు వచ్చి సాగాల్సిన దశలో మాత్రం అదే మోతాదు అడ్డంకి అవుతుంది. కాండం సాగడానికి సరిపోయే ఆక్సిన్ కంటే ఎన్నో రెట్లు తక్కువ ఆక్సిన్ చాలు, వేరు సాగడం ఆగిపోవడానికి.

మొక్క కొసలో ఏదో సంకేతం పుట్టి కిందికి ప్రయాణిస్తుందని చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లోనే గుర్తించారు. డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ 1926లో ఓట్స్ మొలకల కొసల నుంచి ఆ పదార్థాన్ని అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) ముక్కల్లోకి రాబట్టి, అది రసాయనమేనని చూపించాడు. 1935లో అమెరికాలోని బాయ్స్ థాంప్సన్ సంస్థకు చెందిన జిమ్మర్‌మన్, విల్కాక్సన్ అనే ఇద్దరు ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం, నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం కొమ్మలకు వేర్లు పుట్టిస్తాయని ప్రకటించారు. ఈ రోజు మనం కొనే రూటింగ్ పౌడర్లలో ఉండేవి దాదాపుగా ఇవే. మొదటిదాన్ని ఇక్కడి నుంచి ఐబీఏ అని రాస్తాను.

ఇక ఆమ్లత. మొక్క కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. కణం సాగాలంటే ఆ గోడ ముందు వదులు కావాలి. కణం తన పొరలోని పంపుల ద్వారా ఆమ్లతకు మూలమైన హైడ్రోజన్ అయాన్లను గోడలోకి తోస్తుంది, అక్కడ పీహెచ్ 5 చుట్టుపక్కలకు దిగుతుంది. పీహెచ్ అంటే ఆమ్లతను చెప్పే సంఖ్య, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆ ఆమ్లతలో ఎక్స్‌పాన్సిన్ అనే ప్రోటీన్లు పనిలోకి దిగి గోడలోని పోగుల పట్టు సడలిస్తాయి. కాండంలో ఆక్సిన్ ఈ పంపులను ఉరకలెత్తిస్తుంది. వేరులో కథ వేరు. ఆస్ట్రియాలో యిర్జి ఫ్రిమ్ల్ బృందం 2021లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం వేరులో ఆక్సిన్ రెండు పనులూ చేస్తుంది. ఒక మార్గంలో గోడను ఆమ్లం చేస్తుంది, మరో మార్గంలో అయాన్లను వెనక్కి లాక్కుని గోడను క్షారం వైపు తిప్పుతుంది. ఈ రెండో మార్గానిదే పైచేయి కాబట్టి వేరు సాగడం క్షణాల్లో మందగిస్తుంది.

ఆమ్లతకు ఇంకో పాత్ర ఉంది, తోటమాలికి ఎక్కువగా తగిలేది అదే. ఆక్సిన్ కూడా ఒక బలహీన ఆమ్లమే. చుట్టూ ఆమ్లత ఉంటే దానిలో కొంత భాగం విద్యుదావేశం లేని రూపంలో ఉండి కణపొరను సులువుగా దాటుతుంది. పీహెచ్ 5.5 దగ్గర ఇలా దాటగలిగేది సుమారు 15 శాతం. పీహెచ్ 7.5కి చేరితే 0.2 శాతం కూడా మిగలదు. లోపలికి వెళ్లాక, కణద్రవ్యం పీహెచ్ 7కి కాస్త పైన ఉంటుంది కాబట్టి, ఆక్సిన్ ఆవేశం పొంది చిక్కుకుపోతుంది. వచ్చిన దారిన వెళ్లలేదు. ప్రత్యేకమైన వాహక ప్రోటీన్లే దాన్ని బయటికి పంపాలి, అవి కణం కింది వైపు ఎక్కువగా ఉంటాయి. కొమ్మను తలకిందులుగా నాటితే వేర్లు సరిగ్గా రాకపోవడానికి కారణం ఇదే. కోత పెట్టేటప్పుడే పైభాగం ఏటవాలుగా, కిందిభాగం అడ్డంగా కోసే అలవాటు చేసుకుంటే ఏది పైనో ఎప్పుడూ తికమక ఉండదు.

ముందు నీటిని పరీక్షించండి

కొమ్మలు కోయడానికి ముందే ఈ పని పూర్తి కావాలి. పీహెచ్ కాగితం మందుల దుకాణాల్లో, అక్వేరియం సామగ్రి అమ్మే చోట దొరుకుతుంది. 4 నుంచి 9 వరకు, అర పాయింటు తేడా చూపే రకం తీసుకోండి. 1 నుంచి 14 వరకు ఒకేసారి చూపే కాగితంతో మన పనికి కావలసిన తేడా తెలియదు.

కాగితం దొరికేలోపు ఉజ్జాయింపుగా చూడాలంటే ఎర్ర మందార పువ్వు రేకులను వేడి నీటిలో నానబెట్టి ఆ రసాన్ని కొద్దిగా మీ నీటిలో కలపండి. గులాబీ ఎరుపు తిరిగితే ఆమ్లం, ఆకుపచ్చగా మారితే క్షారం. బడిలో చేసే ప్రయోగమే ఇది. క్షారం ఉందో లేదో చెప్పడానికి చాలు, ఎంత ఉందో చెప్పదు.

పీహెచ్ సంఖ్య ఒక్కటి చూసి ఊరుకోవద్దు. బోరు నీటిలో కరిగి ఉండి, కలిపిన ఆమ్లాన్ని విరిచేసే బైకార్బొనేట్లు అనే లవణాలు అసలు చిక్కు. నీటిని కాచినప్పుడు గిన్నె అడుగున తెల్లని పొర పేరుకుంటోందంటే అవి బాగా ఉన్నట్టే. అలాంటి నీటికి కొంచెం ఆమ్లం కలిపితే పీహెచ్ దిగినట్టు కనిపించి, కొంతసేపటికి మళ్లీ పైకి వస్తుంది. పైగా రోజూ అదే నీరు పోస్తూ ఉంటే కుండీలో కార్బొనేట్లు పేరుకుని, మొదట్లో సరిగ్గా ఉన్న మట్టి కూడా నెల తిరిగేసరికి క్షారంగా మారుతుంది.

అన్నిటికన్నా మంచిది వాన నీరు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరగడం వల్ల శుభ్రమైన వాన నీటి పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది, బైకార్బొనేట్లు ఉండవు. కొమ్మలకు పట్టే నీరు తక్కువే, రెండు బిందెలు పట్టి మూతపెట్టి ఉంచితే ఒక విడత నారుకు సరిపోతుంది. మొదటి వానలో డాబా మీది దుమ్మంతా వస్తుంది, దాన్ని పోనిచ్చి తర్వాతి వాన పట్టండి. వాన నీరు లేనప్పుడు ఇంట్లోని ఆర్వో యంత్రం నుంచి వచ్చే తాగునీరు వాడవచ్చు. ఆర్వో నుంచి పక్కకు పోయే వృథా నీరు మాత్రం కొమ్మలకు వద్దు. బోరు నీటిలోని లవణాలన్నీ అందులోనే చిక్కబడి ఉంటాయి.

బోరు నీరే గతి అనుకుంటే నిమ్మ ఉప్పు వాడండి. లీటరు నీటికి పావు గ్రాముతో మొదలుపెట్టి బాగా కలిపి, అరగంట ఆగి కాగితంతో చూడండి. 6 చుట్టుపక్కలకు వచ్చే దాకా చిటికెడు చిటికెడు చొప్పున పెంచి, ఎంత పట్టిందో రాసిపెట్టుకోండి. అదే బోరు నీటికి తర్వాత కూడా ఇంచుమించు అంతే పడుతుంది. 5 కంటే కిందికి దింపవద్దు. బ్యాటరీ ఆమ్లం జోలికి అసలు వెళ్లవద్దు, అది చర్మాన్ని కాలుస్తుంది. పాత బ్యాటరీలోదైతే అందులో సీసం కూడా ఉంటుంది.

నాటే మిశ్రమం

వేర్లు రాని కొమ్మకు ఎరువు అక్కర్లేదు. దానికి కావలసింది తేమ, గాలి, కొద్దిపాటి ఆమ్లత. కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, కడిగిన ముతక ఇసుక ఒక పాలు కలిపితే చాలు. కొబ్బరి పొట్టు సాధారణంగా 5.5 నుంచి 6.5 మధ్య ఉంటుంది, అది మనకు అనుకూలమే. అయితే దానిలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఇటుకను నానబెట్టి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి పిండాలి. ఇసుక నదిదై ఉండాలి. సముద్రపు ఇసుకలో గవ్వల పొడి ఉంటుంది, అది సున్నమే.

కట్టెల బూడిద కలపవద్దు. బూడిద చల్లితే చీడ రాదన్న నమ్మకంతో కొందరు కుండీ అడుగున వేస్తారు. పెరిగిన కూరగాయల మడిలో సంగతి వేరు కానీ, వేరు పట్టాల్సిన కొమ్మ దగ్గర బూడిద గట్టి క్షారం. ఊక బూడిదకూ ఇదే మాట.

మిశ్రమం పీహెచ్ చూడటానికి ఒక గ్లాసు మిశ్రమంలో రెండు గ్లాసుల డిస్టిల్డ్ వాటర్ పోసి కలిపి, అరగంట తేరనిచ్చి, పై తేటలో కాగితం ముంచండి. 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే ముందుకు వెళ్లవచ్చు.

కుండీలో నింపేటప్పుడు గట్టిగా అదమకండి. వేరు కొస నుంచి ఎథిలీన్ అనే వాయువు వెలువడుతుంది, అదీ ఒక హార్మోనే. మట్టి వదులుగా ఉంటే అది రంధ్రాల గుండా చెదిరిపోతుంది. మట్టి బిగుసుకుపోతే అది వేరు చుట్టూనే పేరుకుని ఎదుగుదల ఆపమన్న సంకేతం అవుతుంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో సైన్స్ పత్రికలో దీన్ని స్పష్టంగా చూపించారు. అప్పటిదాకా గట్టి నేలలో వేరు చొచ్చుకుపోలేక ఆగుతుందనే చాలామంది అనుకునేవారు. ఎథిలీన్‌ను గుర్తించలేని మొక్కల వేర్లు అదే గట్టి నేలలో మరింత లోతుకు దిగాయి.

కొమ్మను ఎంచుకోవడం

జూన్ నుంచి నవంబరు దాకా మల్లెకు అనువైన కాలం. ఆ ఏడాది పెరిగిన, పచ్చదనం తగ్గి గోధుమ రంగుకు తిరుగుతున్న కొమ్మ తీసుకోండి. వంచితే వంగాలి, ఇంకా వంచితే పుటుక్కున విరగాలి. మరీ లేతది కుళ్లుతుంది, ముదురుదానికి ఆలస్యంగా వేరు పడుతుంది. దానిమ్మకు మాత్రం పెన్సిలు లావున్న ముదురు కొమ్మే మేలు.

పూత మీద ఉన్న కొమ్మను వదిలేయండి. మొగ్గలున్న కొమ్మే దొరికితే మొగ్గలన్నీ గిల్లేయండి. నత్రజని ఎరువు బాగా వేసిన మొక్క ఏపుగా కనిపిస్తుంది కానీ దాని కొమ్మలో నిలవ ఉన్న పిండి పదార్థం తక్కువ, వేర్లు కట్టడానికి అవసరమయ్యేది ఆ నిలవే.

తెల్లవారుజామున, కొమ్మలో నీరు నిండుగా ఉన్నప్పుడు కోయండి. 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు, కనీసం మూడు కణుపులు ఉండాలి. కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన పడాలి. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి పైన రెండు ఆకులు ఉంచండి. ఆకులన్నీ పీకేయడం ఒక అలవాటుగా ఉంది, అది నష్టం. ఆకులు, మొగ్గలే సహజమైన ఆక్సిన్‌కూ చక్కెరకూ మూలం. నీరు ఆవిరవుతుందని భయమైతే ఆకును సగానికి కత్తిరించండి.

మందు తయారీ

పది ఇరవై కొమ్మలు నాటేవాళ్లకు పొడి చాలు. పొడి కొనేటప్పుడు ఐబీఏ శాతం చూడండి. లేత కొమ్మలకు 0.1 శాతం, సగం ముదిరిన వాటికి 0.3 శాతం, బాగా ముదిరిన కర్ర లాంటి వాటికి 0.8 శాతం. శాతం రాయని పొట్లాన్ని కొనవద్దు. కొమ్మ అడుగు సెంటీమీటరు మేర తడిపి, పొడిలో అద్ది, వేలితో తట్టి అదనపు పొడి రాల్చాలి. తెల్లగా గడ్డకట్టి అంటుకుని ఉండకూడదు. పొట్లంలోనే నేరుగా ముంచితే తేమ చేరి మిగతా పొడి పాడవుతుంది, వాడేంతవరకే చిన్న మూతలోకి తీసుకోండి.

ఎక్కువ కొమ్మలు నాటేవాళ్లకు ద్రావణమే నయం, ప్రతి కొమ్మకూ ఒకే మోతాదు అందుతుంది. ఐబీఏ నీటిలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఒక గ్రాము ఐబీఏను 250 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పూర్తిగా కరిగించి, తర్వాత 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ నెమ్మదిగా కలపండి. ఇది 2000 పీపీఎం ద్రావణం, అంటే లీటరుకు 2000 మిల్లీగ్రాముల ఐబీఏ. దీనిలో అంతే పరిమాణం సగం ఆల్కహాల్, సగం నీరు కలిసిన మిశ్రమం చేర్చితే 1000 పీపీఎం వస్తుంది. ఉత్త నీరే చేర్చితే ఐబీఏ విరిగి పాలలాగా తెల్లబడవచ్చు. అలా జరిగితే మళ్లీ తేటపడే వరకు కొంచెం ఆల్కహాల్ కలపండి. గోధుమ రంగు సీసాలో పోసి, పేరు, మోతాదు, తేదీ రాసి, పిల్లలకు అందని చోట చల్లగా ఉంచండి. చేతి తొడుగులు వేసుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

నీటిలో నేరుగా కరిగే పొటాషియం లవణం రూపంలోనూ ఐబీఏ దొరుకుతుంది. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌లోనే కలపాలి. బోరు నీటిలోని సున్నంతో కలిస్తే మడ్డి కడుతుంది. దానికి నిమ్మ ఉప్పు కలపడమూ తప్పే, ఆమ్లంలో అది కరగని ఐబీఏగా మారి అడుగుకు దిగుతుంది. ఆమ్లత సరిచేయాల్సింది కొమ్మకు పోసే నీటిని, మందు సీసాను కాదు.

మల్లె, గులాబీ, మందారం సగం ముదిరిన కొమ్మలకు 1000 పీపీఎం. లేత కొమ్మలకు 500 చాలు. దానిమ్మ, కాగితపు పూల ముదురు కొమ్మలకు 2000. మొదటిసారి చేసేవాళ్లు ఈ సంఖ్యల్లో తక్కువ వైపే ఉండాలన్నది నా సలహా. తక్కువైతే వేర్లు తక్కువ వస్తాయి, ఎక్కువైతే కొమ్మే పోతుంది.

కలుపు మందుగా అమ్మే 2,4-డి కూడా ఆక్సిన్ జాతిదే. కలుపును అది చంపేది ఆక్సిన్ మోతాదు మించిపోవడం వల్లనే. అది వాడిన స్ప్రేయర్‌ను ఎంత కడిగినా నారు దగ్గరికి తేవద్దు.

తేనె, దాల్చిన చెక్క, కొబ్బరి నీళ్ల సంగతి చాలామంది అడుగుతారు. దాల్చిన చెక్క పొడి బూజును కొంత ఆపుతుంది, వేరును పుట్టించదు. తేనెలో ఆ పని చేసే హార్మోను లేదు. కొబ్బరి నీళ్లు మరింత చిక్కైనవి. వాటిలో సైటోకైనిన్లు ఉంటాయి, అవి కణ విభజనను పెంచే హార్మోన్లు. ప్రయోగశాలలో కణజాల వర్ధనానికి కొబ్బరి నీళ్లు వాడటం 1940ల నుంచి ఉంది. కానీ సైటోకైనిన్ చిగుళ్లకు అనుకూలం, కొమ్మ అడుగున వేరు పుట్టడానికి ప్రతికూలం. దానికి తోడు చక్కెర ఉండటంతో కుళ్లు తొందరగా పడుతుంది. జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోను ఉన్న మందులూ ఈ దశలో వద్దు.

ముంచడం, నాటడం

ద్రావణాన్ని చిన్న గ్లాసులో రెండు సెంటీమీటర్ల ఎత్తు పోసుకోండి. కొమ్మ అడుగు ఒకటిన్నర సెంటీమీటరు మునిగేలా పెట్టి ఐదు అంకెలు లెక్కపెట్టి తీసేయండి. ఐదు క్షణాలే. నిమిషం ఉంచితే ఎక్కువ మేలు జరుగుతుందన్న ఆలోచన రానివ్వకండి, ఆల్కహాల్ కణాలను మాడుస్తుంది. నీడలో రెండు మూడు నిమిషాలు ఆరనివ్వండి.

మిశ్రమంలో ముందుగా పుల్లతో రంధ్రం చేసి అందులో కొమ్మ పెట్టాలి. నేరుగా గుచ్చితే అడుగున అంటిన మందంతా పైనే రాలిపోతుంది. కనీసం ఒక కణుపు మిశ్రమం లోపల ఉండాలి. చుట్టూ వేళ్లతో తేలిగ్గా సర్ది, ఆమ్లత సరిచూసిన నీరు పోయండి.

ఆ తర్వాత వేర్లు వచ్చే దాకా హార్మోను ఊసే వద్దు. మొదటి విడతలో ఇచ్చిన ఆక్సిన్ తొలి రోజుల్లో పని చేసి, క్రమంగా కొమ్మలోనే విచ్ఛిన్నమై తగ్గుతుంది. ఆ తగ్గుదల వల్లనే వేరు సాగగలుగుతుంది. మధ్యలో మళ్లీ పోస్తే సాగాల్సిన వేర్లను మనమే ఆపినట్టు.

తర్వాతి ఐదారు వారాలు

నీడ, గాలిలో తేమ, అడుగున వెచ్చదనం కావాలి. మిశ్రమం 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే వేరు త్వరగా వస్తుంది. పల్చటి ప్లాస్టిక్ సంచిని గొడుగులా కప్పి, రోజుకోసారి కాసేపు తీసి గాలి తగలనివ్వండి. నీరు పోయడం కంటే ఆకుల మీద చిలకరించడం మేలు. బోరు నీరు చిలకరిస్తే ఆకుల మీద తెల్లటి మచ్చలు పడతాయి, ఆ మచ్చలు సున్నం. మిశ్రమంలోనూ అదే చేరుతోందని గుర్తించండి.

పదిహేను రోజులకోసారి, కుండీ అడుగు రంధ్రం నుంచి కారే నీటిని పట్టి కాగితంతో చూడండి. 7 దాటుతుంటే వాన నీటితో ఒకసారి నిండుగా పోసి, పాత నీరంతా కిందికి కొట్టుకుపోయేలా చేయండి.

మల్లెకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త చిగురు కనిపించగానే వేరు పట్టిందని సంబరపడవద్దు, కొమ్మలోని నిలవతోనే చిగురు రావచ్చు. మెల్లగా పైకి లాగితే పట్టు తగలాలి.

వేరు చెప్పే సంగతులు

వేర్లను ఒకసారి దగ్గరగా చూడటం నేర్చుకుంటే చాలా ప్రశ్నలకు సమాధానం అక్కడే దొరుకుతుంది. ఒక కొమ్మను తీసి, గిన్నెడు నీటిలో మిశ్రమం కడిగి, నల్లటి గుడ్డ మీద పెట్టి భూతద్దంతో చూడండి.

సన్నగా, తెల్లగా, రెండు మూడు సెంటీమీటర్ల పొడవున్న వేర్లు, కొస కాస్త పసుపుగా, కొస వెనక సన్నటి నూగు. ఇది కావలసిన రూపం. ఆ నూగు వేరు కేశాలు, నీరూ భాస్వరమూ ఎక్కువగా లాగేది అవే.

కోత చుట్టూ బుడిపెలాగా ఉబ్బి, పొట్టిగా లావుగా గుంపుగా వేర్లు వచ్చి అక్కడే ఆగిపోతే ఆక్సిన్ ఎక్కువైంది. అడుగు నల్లబడి, పైన ఆకులు పసుపు తిరిగి రాలితే ఇంకా ఎక్కువైంది. వచ్చే విడతలో సగానికి తగ్గించండి. తెల్లటి గట్టి బుడిపె ఏర్పడి అసలు వేరు రాకపోతే మిశ్రమం పీహెచ్ చూడండి, క్షారం వైపు ఉన్నప్పుడు ఇలా జరగడం తరచూ కనిపిస్తుంది. వేరు కొసలు గోధుమ రంగుకు తిరిగి, మొద్దుబారి, పక్క వేర్లు కూడా కురచగా ఉంటే ఆమ్లత మించింది. పీహెచ్ 4 చుట్టుపక్కల హైడ్రోజన్ అయాన్లే వేరు కొసను దెబ్బతీస్తాయి. అడుగు మెత్తగా, వాసన వస్తుంటే అది కుళ్లు. హార్మోనుకూ ఆమ్లతకూ సంబంధం లేదు, నీరు ఎక్కువైంది లేదా కత్తి శుభ్రంగా లేదు.

పెసలతో కళ్లారా చూడండి

ఇదంతా నమ్మకం మీద చేయనక్కర్లేదు. గుప్పెడు పెసలు రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మొలకెత్తించండి. వేరు ఒకటిన్నర సెంటీమీటరు వచ్చాక, ఒకే పొడవున్నవి ఏరి నాలుగు భాగాలు చేయండి. ప్రతి వేరు మీదా కొస నుంచి పైకి రెండేసి మిల్లీమీటర్ల దూరంలో సన్నటి కలంతో గీతలు పెట్టండి. తడి కాగితం మీద పరిచి, మూత ఉన్న డబ్బాల్లో నిలువుగా, కొస కిందికి ఉండేలా నిలబెట్టండి.

మొదటి డబ్బా కాగితాన్ని ఉత్త వాన నీటితో తడపండి. రెండోదాన్ని నిమ్మ ఉప్పుతో పీహెచ్ 4కు దించిన వాన నీటితో, మూడోదాన్ని వంటసోడాతో 8 దాటించిన నీటితో తడపండి. నాలుగోదానికి, లీటరు వాన నీటిలో మీ 2000 పీపీఎం ఐబీఏ ద్రావణం ఒకే ఒక మిల్లీలీటరు కలపండి. అంటే 2 పీపీఎం, ఆ ద్రావణంలో వెయ్యో వంతు.

మర్నాడు మొదటి డబ్బాలో గీతలు చూడండి. పైనున్న గీతలు ఎక్కడివక్కడే ఉంటాయి. కొసకు కాస్త వెనకనున్న గీతలు మాత్రం బాగా ఎడంగా జరిగి, సిరా సాగి పలచబడి ఉంటుంది. వేరు మొత్తం సాగదు, ఆ కొద్ది మిల్లీమీటర్ల మేరే సాగుతుంది. ఆమ్లతా ఆక్సినూ పని చేసేది అక్కడే. నాలుగో డబ్బాలో ఆ గీతలు దాదాపు దగ్గరగానే ఉండిపోతాయి. దాన్ని పారేయకుండా ఇంకో మూడు నాలుగు రోజులు ఉంచండి, సాగని వేరు పక్కల నుంచి పొట్టి పిల్ల వేర్లు వరుసగా పొడుచుకు వస్తాయి. పొడవు ఆపింది, సంఖ్య పెంచింది. రెండు, మూడు డబ్బాల్లో పొడవులు కొలిచి మొదటిదానితో పోల్చండి. బడి పిల్లలున్న ఇంట్లో ఈ ప్రయోగం తప్పక చేయించాలని నా కోరిక.

కుండీ నుంచి నేలకు

వేర్లు మూడు నాలుగు సెంటీమీటర్లు వచ్చాక ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపిన చిన్న సంచిలోకి మార్చండి. నెల రోజుల తర్వాత పెద్ద కుండీకో నేలకో పోవచ్చు. నేలలో నాటేముందు మట్టి పరీక్ష చేయించండి, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో వ్యవసాయ శాఖ ప్రయోగశాలలోనో చేస్తారు.

మల్లె 6.5 నుంచి 7.5 దాకా హాయిగా పెరుగుతుంది, గులాబీకి 6 నుంచి 7 మేలు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ నల్లరేగడి నేలలు చాలాచోట్ల 8 దగ్గర ఉంటాయి. చౌడు నేల అయితే జిప్సం వేసి, నీరు పెట్టి ఉప్పును కిందికి దించాకే నాటాలి. దీనికి భిన్నంగా ఎక్కువ వానలు పడే కొండ ప్రాంతాల ఎర్ర నేలలు ఆమ్లంగా ఉండవచ్చు. పీహెచ్ 5.5 కంటే కిందికి దిగిన నేలల్లో బంకమట్టిలోని అల్యూమినియం కరిగి వస్తుంది. అది వేరు కొసనే పట్టుకుంటుంది, కొస లావై పెళుసుబారి ఆగిపోతుంది. అక్కడ వేయాల్సింది సున్నం, ఎంత వేయాలన్నది మట్టి పరీక్ష చెబుతుంది.

ఎరువు కూడా వేరు చుట్టూ ఆమ్లతను మారుస్తుంది. అమ్మోనియం రూపంలో నత్రజని తీసుకుంటే వేరు హైడ్రోజన్ అయాన్లను బయటికి వదులుతుంది, చుట్టుపక్కల మట్టి ఆమ్లం వైపు జరుగుతుంది. నైట్రేటు రూపంలో తీసుకుంటే క్షారం వైపు జరుగుతుంది. అందుకే క్షార నేలలో అమ్మోనియం సల్ఫేటు కొద్దికొద్దిగా వేస్తే నత్రజనితో పాటు ఇంకో మేలూ జరుగుతుంది. కొత్త మొక్కకు చిటికెడు చాలు, మొదలుకు తగలకుండా దూరంగా వేసి నీరు పెట్టండి.

నేలలో కుదురుకున్న మొక్క లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా మారితే అది ఇనుము లోపం. క్షార నేలలో ఇనుము ఉన్నా కరగదు. ఇలాంటప్పుడు చాలామంది ఈడీటీఏ (ఇనుమును కరిగిన రూపంలో పట్టి ఉంచే రసాయనం) రకం ఐరన్ కొంటారు, పీహెచ్ 7 దాటిన మట్టిలో అది నిలవదు. ఆకుల మీద పిచికారీకైతే పర్వాలేదు. మట్టిలో వేయాలంటే ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్న ఎర్రటి పొడి అడగండి. ధర ఎక్కువ, కానీ క్షార నేలలో పని చేసేది అదే.